మూడు గుంతల పరుపు

"అడిగింటే ఒప్పుకుంటాంటివా నాయనా? నిజం సెప్పు, ఒప్పుకుంటాంటివా?"

నాగేష్ ఆ మాట అడగడం అది మూడోసారి. రామలింగం చేతిసంచి ఇంకా భుజానికే ఉంది. మాధవరంలో చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులుండి, పొద్దున బస్సుకు ఎమ్మిగనూరులో దిగి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నడిమింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా నవారు మంచం ఉంది. మంచం మీద పరుపు లేదు.

నవారు మధ్యలో సాగి కిందికి దిగిపోయింది. ఎనిమిది నెలలు దాని మీద ఒక మనిషి బరువుండింది. భార్య శారదమ్మ పోయి రెండు నెలలైనా, ఆమె పరుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది. రామలింగం దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు, తానూ పడుకోలేదు. పక్కనే నేల మీద చాప వేసుకునేవాడు.

"అందుకేనా నన్ను మాధవరం పొమ్మనింది?" అన్నాడు చివరికి.

నాగేష్ తల తిప్పుకున్నాడు. వంటింటి గడపలో నిలబడిన కోడలు శోభ ముందుకొచ్చింది.

"ఆయన కాదు మామా. నేనే సెప్పినా. తిట్టేదుంటే నన్ను తిట్టండి."

"నువ్వుండు," అన్నాడు నాగేష్.

"యాల ఉండాల? నేను సేసిన పని నువ్వు మీదేసుకునేదేంది?"

"నువ్వు సెప్తివి, నేను మోసుకుపోతి. ఇద్దరిదీ తప్పే. సరిపోయిందా?"

"యాడికి పంపిస్తిరి?" అన్నాడు రామలింగం.

"ఆదోనికి మామా. పత్తి మార్కెట్టు ఎనక ఖాసిం సాబ్ అని దూది ఏకుతాడు. పారేయలేదు, కాల్చలేదు. అత్త పరుపును అట్ల సేస్తామా? దూది బాగా ఏకించి, కొత్త గుడ్డ కుట్టించి, మీ కిందే వేద్దామని. నేల మీద పండుకొని మీ నడుము పట్టేస్తాంది గదా."

కోపం వస్తుందేమోనని రామలింగం కాసేపు చూశాడు. రాలేదు. రెండు నెలలుగా ఏదీ ఆయన దాకా రావడం లేదు. శారదమ్మ పోయిన రోజు పాడె కట్టేవాళ్ళకు తాడు ఎక్కడుందో ఆయనే చూపించాడు. పదకొండో రోజు భోజనాల్లో చివరి వరుసకు మజ్జిగ అందలేదని కనిపెట్టిందీ ఆయనే. మనిషి గట్టివాడని అందరూ అన్నారు. గట్టితనం కాదని ఆయనకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు.

గోడ మీద గడియారం పది చూపిస్తోంది. రామలింగం సంచి కింద పెట్టి మంచం వైపు రెండడుగులు వేశాడు. వంగాడు. ఎడమ చెయ్యి ఒక భుజం కిందికి, కుడి చెయ్యి ఒక నడుము కిందికి పోవాల్సిన చోటికి పోయాయి. నవారు తగిలాక ఆగాయి.

"ఇదే!" నాగేష్ గొంతు చీలిపోయింది. "ఇదే నేను సెప్తాండేది! రెండు గంటలకొకసారి! మగ్గం మీదుంటే లేసొస్తాడు, బువ్వ తింటాంటే లేసొస్తాడు. ఎవర్ని తిప్పేకి నాయనా? అమ్మ లేదు. లేదు!"

"అరవొద్దు. అరిస్తే ఏమొస్తాది?" అంది శోభ.

"అరవకుంటే మాత్రం ఏమొచ్చింది?"

పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుందని మొదటి రోజే డాక్టరు చెప్పాడు. ఆ మాట రామలింగం చేతులు విన్నాయి. ఇక చాలు అని ఆ చేతులకు ఎవరూ చెప్పలేదు.

ఆయన నడుమెత్తి సంచి మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు.

"యాడికి?"

"ఆదోనికి. ఏకకముందే తెచ్చుకుంటా."

"తెచ్చి ఏం సేస్తావు? పూజ సేస్తావా?"

అన్నాక నాగేష్‌కే ఆ మాట మింగుడుపడలేదు. రామలింగం చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. శోభ టిఫిను డబ్బాలో అన్నం సర్ది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

"నేనూ వస్తా మామా. ఆ అంగడి మీకు తెలీదు."

"పోండి. ఇద్దరూ పోండి," అన్నాడు నాగేష్ లోపల్నించి. వాళ్ళు వీధి మలుపు దాకా పోయాక చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, పెళ్ళాం చేతిలో గొడుగు పెట్టి, తండ్రి ముఖం చూడకుండా వెనక్కి పోయాడు.

*

బస్సులో కిటికీ పక్కన రామలింగం, ఆయన పక్కన శోభ. ఊరు దాటగానే ఎండ ఆయన మీద పడింది. ఆయన కదల్లేదు. శోభ లేచి, "నాకు గాలి కావాల మామా" అని ఆయన్ని ఇటు జరిపి, తాను ఎండలోకి జరిగి కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల ముక్కు మీద చెమట చూశాడు.

చేలల్లో పత్తి అయిపోవచ్చింది. మోడుల మీద అక్కడక్కడా తెంపకుండా వదిలేసిన తెల్లటి తుంపులు వేలాడుతున్నాయి.

"నాకు భయమైతాంది మామా."

"ఎందుకు?"

"మీరు ఒక్కసారి గూడా ఏడ్వలేదు."

"వస్తే ఏడ్వనా?"

"రాకుంటే? లోపలే ఉంటే?"

రామలింగం ముందు సీటు మీది ఇనప కడ్డీ పట్టుకుని ఆలోచించాడు. లోపల ఏముందో చూద్దామని నిజంగానే ప్రయత్నించాడు. ఏమీ కనపడలేదు.

"లోపల గూడా లేదమ్మా," అన్నాడు.

శోభ కిటికీ వైపు తిరిగింది. ఆదోని వచ్చేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

*

పత్తి మార్కెట్టు వెనక సందులో ఖాసిం సాబ్ అంగడి వెతకనక్కర్లేకపోయింది. ఏకుడు మిషను మోత సందు మొదట్లోకే వినిపిస్తోంది. లోపల గోడలు, దీపపు బుడ్డి, కరెంటు తీగలు, అన్నిటి మీదా దూది పొర. మిషను ముందు నిలబడిన ముసలాయన కనుబొమ్మల మీద కూడా దూదే. ఆయన కొడుకు అజ్మతుల్లా నేల మీద పరిచిన కొత్త పరుపుకు జానెడు సూదితో కుట్లు వేస్తున్నాడు. ఎర్ర పూల గుడ్డ. గడపకు ఒక మేక కట్టేసి ఉంది.

"సాబూ, బుధవారం మా ఆయన పరుపు తెచ్చిచ్చినాడు. ఎమ్మిగనూరు నుంచి," అంది శోభ మిషను మోతకు మించి గొంతు పెంచి. "మా మామ అదే కావాలంటాండాడు. ఏకకుండా అట్లనే ఇచ్చేయండి."

అజ్మతుల్లా చేతిలో సూది ఆగింది. తండ్రి వైపు చూశాడు.

ఖాసిం సాబ్ నెమ్మదిగా పోయి స్విచ్చి ఆపాడు. మోత పోయాక అంగడి ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

"కూర్చో అప్పా," అన్నాడు రామలింగంతో. "కూర్చున్నాక సెప్తా."

"నిలబడే వింటా."

"ఏకేసినాము. అంతే కాదు. ఇంకొకరి పత్తితో కలిసిపోయింది."

గడప దగ్గర మేక నెమరు వేస్తోంది.

"ఎట్ల కలుస్తాది?" శోభ గొంతు లేచింది. "పోయినామెదని మా ఆయన సెప్పే ఇచ్చినాడు గదా!"

"సెప్పినాడమ్మా. తప్పు మాదే."

"మాది కాదు అబ్బా, దానిది!" అజ్మతుల్లా సూదితో మేక వైపు చూపించాడు. "అంగట్లో మేకను కట్టెయ్యొద్దమ్మా, కట్టెయ్యొద్దమ్మా అని నెత్తీనోరూ కొట్టుకున్యా."

లోపలి పరదా పక్కకు పోయింది. పొయ్యి పొగకు కళ్ళు ఎర్రబడిన పెద్దామె, ఖాసిం సాబ్ భార్య అక్బర్‌బీ, బయటికి వచ్చింది.

"నా మేకనంటావేంరా? మేకకు సదువొస్తాదా? వేపాకు కనపడింది, తినింది. కళ్ళుండేది నీకు."

"కళ్ళుండి ఏం సూడాల? కొమ్మ ఉంటే గదా సూసేకి!"

"అయితే యాడ కట్టేయాల దాన్ని? నీ నెత్తిన కట్టేయాలా?"

"ఇద్దరూ నోరు ముయ్యండి," అన్నాడు ఖాసిం సాబ్. "ఆ మనిషి నిలబడే ఉండాడు."

తర్వాత ఆయనే చెప్పాడు. చనిపోయినవాళ్ళ దూది వస్తే ఆ మూటకు వేపకొమ్మ గుచ్చిపెడతాడు. వాళ్ళ నాయన కాలం నుంచీ అదే గుర్తు. ఆ దూదిని విడిగా ఏకాలి, ముందూ వెనకా మిషను తుడవాలి, ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి. గురువారం రామలింగం ఇంటి పరుపు తానే విప్పి, మూట కట్టి, కొమ్మ గుచ్చాడు. నిన్న శుక్రవారం నమాజుకు పోయాడు. వచ్చేసరికి కొమ్మ లేదు. కోసిగి ఊరివాళ్ళ పెండ్లిపరుపు పత్తి ఇంకో మూటలో పక్కనే ఉంది. రెండూ వాళ్ళవే అనుకుని అజ్మతుల్లా కలిపి ఏకేశాడు.

"పెండ్లి ఎల్లుండి," అన్నాడు అజ్మతుల్లా తల దించుకుని. "అంతలోపల వేరే దూది యాడ తెచ్చేది? కుట్టమంటావా అని అబ్బాను అడిగినా. కుట్టమనలేదు, వద్దనలేదు."

"ఇదేనా ఆ పరుపు?" అన్నాడు రామలింగం.

"అదే."

రామలింగం ఎర్ర పూల గుడ్డను చూశాడు. ఉబ్బుగా, నిండుగా, ఒక్క ముడత లేకుండా ఉంది. ఆమెకు సంబంధించింది ఏదీ అందులో కనిపించలేదు. అప్పుడు కూర్చున్నాడు.

"సగం దూది ఇచ్చేస్తానప్పా. కొత్త గుడ్డలో నేనే కుట్టిస్తా," అన్నాడు ఖాసిం సాబ్. "ఏ సగమని మాత్రం అడగొద్దు. అది నా చేతుల్లో లేదు."

అక్బర్‌బీ లోపలికి పోయి టీ తెచ్చింది. రామలింగం గ్లాసు పట్టుకునేలా లేడని తానే సాసర్లో ఒంపి, ఊది, ఆయన చేతికిచ్చింది. ఆయన తాగాడు. అల్లం వేసిన టీ. ఇంటి నుంచి ఏమీ తినకుండా వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.

ఖాసిం సాబ్ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. మంచాన పడినప్పుడు ఆ యమ్మను ఎవరు సూసుకున్నారు?"

"మామే," అంది శోభ.

"అనుకున్యా." ముసలాయన కనుబొమ్మ మీది దూది తుడుచుకున్నాడు. "మంచాన పడినోళ్ళ పరుపులు నా దగ్గరికి శానా వస్తాయప్పా. గుడ్డ ఇప్పుతానే తెలిసిపోతాది. నడిమధ్యలో ఒకే గుంత. ఆడ దూది రాయి మాదిరి అయిపోయి ఉంటాది. సీము మరకలు, నెత్తురు మరకలు. మొదట్లో అందరూ తిప్పుతారు. నెలా రెండు నెలలు. తర్వాత ఇసుగొస్తాది. తప్పు పట్టేకి లేదు, మనుషులం గదా."

రామలింగం సాసరు కింద పెట్టాడు.

"మీ పరుపులో మూడు గుంతలుండాయి. ఎడమ పక్కొకటి, నడుమొకటి, కుడి పక్కొకటి. చెయ్యి పెట్టి సూసినా. మూడూ ఒకటే లోతు. మరక అనేది ఒక్కటి లేదు. ఎనిమిది నెలలని మీ కొడుకు సెప్పినాడు. ఎనిమిది నెలలు, మూడూ ఒకటే లోతు! నలభై ఏండ్లాయె నేను ఈ పని పట్టి. ఇట్లాంటిది నేను సూడలేదు. ఎట్ల సేసినావప్పా?"

రామలింగం దగ్గాడు.

"గడియారం సూసుకుంటాంటి."

"అంతేనా?"

"అంతే."

ఖాసిం సాబ్ తల ఊపాడు. ఇంకేమీ పొగడలేదు. రామలింగం తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ ఎనిమిది నెలల్లో బంధువులు వచ్చారు, పండ్లు తెచ్చారు, పాపం అన్నారు. డాక్టరు వచ్చి నాడి చూసి మందులు రాశాడు. ఒంటి మీద పుండు లేదే అని ఒక్కరూ అనలేదు. రాని పుండును ఎవరు చూస్తారు? ఇన్నాళ్ళకు దాన్ని చూసిన మనిషి, ఆమెను ఒక్కసారి కూడా చూడనివాడు.

"నాకు దూది అక్కర్లేదు సాబూ," అన్నాడు. మాట చాలా చిన్నగా వచ్చింది. "ఆ గుంతలు కావాలని వచ్చినా."

"తెలుసప్పా."

"ఏకితే పోయినాయి."

"ఏకకున్నా పోతాయి. దూది గదా. బరువు తీసేస్తే మెల్లగా పైకి లేస్తాది. నాలుగు నెలలకో, ఆరు నెలలకో. నువ్వు పక్కనే పండుకొని సూస్తాన్నా ఆగదు." ఆయన గొంతులో ఓదార్చే స్వరం లేదు. తనకు తెలిసిన పని గురించి చెబుతున్నాడు. "నా పెద్దకొడుకు జుబేరు పోయి మూడేండ్లాయె. లారీ గుద్దింది. వాని పరుపు నేనే ఇప్పినా. ఒక పక్కే నలిగింది, గోడ పక్క. ఇరవై నాలుగేండ్లు ఒకే కప్పు కింద ఉండినాము. వాడు గోడకు తిరిగి పండుకుంటాడని నాకు దూది సెప్పాల్సొచ్చింది."

"నేను పదిసార్లు సెప్పినా," అంది అక్బర్‌బీ. "వానికి దీపం వెలుతురు కండ్లల్లో పడితే నిద్ర రాదు, దీపం ఆర్పు, లెక్కలు పొద్దున సూసుకోవచ్చు అని. వింటివా?"

"లేదు."

"లేదు," అంది ఆమె కూడా. మొగుడి భుజం మీద అతుక్కున్న దూది పింజను తీసి, పారేయకుండా వేళ్ళ మధ్య పెట్టుకుంది.

అందరూ అట్లా కూర్చున్నారు. రామలింగానికి ఏడుపు రాలేదు. కానీ ఆ ఇద్దరి పక్కన కూర్చోవడానికి గట్టిగా ఉండక్కర్లేదని తోచింది. రెండు నెలల్లో మొదటిసారి వీపును గోడకు ఆనించాడు.

*

సందులో ఆటో వచ్చి ఆగింది. ఇంజను ఆగలేదు.

"సాబూ! అయిందా నా బిడ్డ పరుపు? ఆటోవాడు అప్పుడే గొణుగుతాండాడు, నేను దిగనన్నా దిగలేదు!"

గడపలో మేకను దాటుకుంటూ ఒక పొడుగాటి మనిషి లోపలికి వచ్చింది. ఎండకు కాలిన ముఖం, చెంగు నడుముకు బిగించిన తీరు.

అజ్మతుల్లా గబుక్కున రామలింగం దగ్గరికి వంగాడు. "కోసిగి హనుమంతమ్మ," అన్నాడు గుసగుసగా. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒక్క మాట బయటికి రానీయొద్దు. వాళ్ళకు తెలిస్తే ఈ అంగడి గడప ఇంక ఎవురూ తొక్కరు."

హనుమంతమ్మ నేరుగా పరుపు మీద కూర్చుంది. రెండుసార్లు పైకీ కిందికీ ఊగి చూసింది.

"అబ్బబ్బ! ఏం మెత్తగుందప్పా! దీని మీద పండుకుంటే నా అల్లుడు సేద్యానికి పోతాడా?"

పకపకా నవ్వింది. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది.

"ఏంది? అందరూ సావింట్లో ఉన్నట్టుండారే?"

"ఏం లేదక్కా. ఎత్తుదాం, అట్ల పట్టుకో," అజ్మతుల్లా పరుపు కొస పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు ఖాసిం సాబ్.

"అబ్బా..."

"వదలమన్యా. అమ్మా హనుమంతమ్మా, లెయ్. ఈ పరుపు నీకు ఇయ్యలేను. మా వల్ల తప్పు జరిగింది. దీంట్లో ఇంకొకరి దూది కలిసింది. పోయినామెది."

హనుమంతమ్మ లేచిన తీరు చూస్తే కింద నిప్పు ఉందనుకోవాలి. రెండు చేతులూ చీరకు తుడుచుకుంది.

"ఏమంటాండావు సాబూ? ఎల్లుండి పెండ్లి! నేనూ నా బిడ్డ రూపా ఈయేడు సుగ్గి కూలికి గుంటూరు దిక్కు వలస పోకుండా, ఉన్న రెండెకరాల్లో మా చేతుల్తో మేమే తెంపుకున్న పత్తి అది. పిల్ల ఒక్కొక్క పింజ ఏరింది. దాంట్లో పీనుగు దూది కలుపుతావా?"

"పీనుగు అనొద్దు," అంది శోభ.

గట్టిగా అనలేదు. కానీ హనుమంతమ్మ ఆగింది.

"మా అత్త ఆమె," అంది శోభ. "ఈయన మా మామ."

హనుమంతమ్మ రామలింగాన్ని కాళ్ళ నుంచి తల దాకా చూసింది. ఆమె కోపం ఎక్కడో ఒక మలుపు తిరిగింది.

"అయితే ఆ యమ్మే ముందు పోయింది. ముత్తైదువగా పోయింది."

రెండు నెలలుగా ఆ మాట ఎందరో అన్నారు. అదృష్టవంతురాలన్నారు, పుణ్యం చేసుకుందన్నారు. తాను మిగిలిపోవడమే ఆమె పుణ్యమైతే దానికి ఏం జవాబు చెప్పాలో రామలింగానికి ఎప్పుడూ తెలియలేదు.

"అవునమ్మా."

"అది మంచిదే గదక్కా," అజ్మతుల్లా అందుకున్నాడు. "పసుపు కుంకాలతో పోయినామె..."

"నువ్వు నోర్ముయ్." అతని వైపు తిరగకుండానే అంది. "మా దిక్కు అట్ల పోయినామె చీర పేలిక దొరికినా కొంగున కట్టుకుంటారు. నిజమే. ఏమొచ్చి పోయింది?"

"పక్షవాతం. ఎనిమిది నెలలు మంచంలో ఉండె."

హనుమంతమ్మ ముఖం మళ్ళీ ముడుచుకుంది. ముత్తైదువ అన్న మాట ఇటు లాగుతోంది, మంచం అన్న మాట అటు. బయట ఆటోవాడు హారను కొట్టాడు.

"ఆయన ఎట్ల సూసుకున్నాడో నాకు తెలుసమ్మా," అన్నాడు ఖాసిం సాబ్. "నేను పరుపు ఇప్పినోణ్ణి. నేను సెప్తా..."

"నిన్నడగలేదు సాబూ. ఆయన్నడుగుతాండా." ఆమె రామలింగం ఎదురుగా వచ్చి నిలబడింది. "మంచాన పడినప్పుడు సూసుకుంటారప్పా. ఊరు సూస్తాంటాది, దేవుడు సూస్తాంటాడు, సూసుకుంటారు. నాకు అది వద్దు. అంతకు ముందు సంగతి సెప్పు. కాలూ చెయ్యీ బాగుండి ఇంట్లో తిరుగుతాన్నప్పుడు. ఆ యమ్మ నీ దగ్గర సుఖపడిందా?"

హనుమంతమ్మ పరుపు వైపు చెయ్యి చూపించింది.

"నా బిడ్డ దాని మీద పండుకోవాల. అందుకడుగుతాండా. నువ్వు సెప్పేదాన్ని బట్టే ఎత్తుకుపోయేదా, ఈడనే ఇడిచిపెట్టేదా సూసుకుంటా. నిజం సెప్పు."

అవునని ఒక్క మాట అంటే చాలు. అజ్మతుల్లా కళ్ళు ఆ మాట కోసమే చూస్తున్నాయి. ఖాసిం సాబ్ తల వంచుకున్నాడు. శోభ పెదవి కొరుక్కుంటోంది. ముప్పై ఆరేళ్ళు. తిట్టలేదు, కొట్టలేదు, తాగలేదు. అవునని అనడానికి ఏం అడ్డం?

రామలింగం నోరు తెరిచాడు. ఆయన కళ్ళ ముందుకు వచ్చింది మంచం కాదు, మగ్గం. ఎదురుగా రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతున్న శారదమ్మ. ఆమె ఏదో చెప్పడానికి తలెత్తుతుంది. ఆయన కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. ఆమె కాసేపు చూస్తుంది. తర్వాత తల దించుకుని నూలు చుట్టుకుంటుంది. ఎన్ని మధ్యాహ్నాలో.

"తెలీదమ్మా," అన్నాడు.

"తెలీదా?"

"ఆమె ఏందో సెప్పాలని సూస్తాండె. దినామూ సూస్తాండె. మగ్గం మోతలో..." ఆయన కాలు నేలను ఒకసారి తొక్కి ఆగింది. "నేను మగ్గం ఆపలేదు."

అజ్మతుల్లా కళ్ళు మూసుకున్నాడు. శోభ చెయ్యి వచ్చి మామ మోచేతిని పట్టుకుంది.

బయట ఆటోవాడు మళ్ళీ హారను కొట్టాడు. హనుమంతమ్మ పరుపు వైపు చూసింది, గడప వైపు చూసింది. ఎటూ అడుగు వేయలేదు.

"ఓయ్, ఆపప్పా ఆ బండి!" అని బయటికి కేక పెట్టింది. "ఈడ మనిషి ఏందో సెప్తాండాడు."

ఇంజను ఆగిపోయింది. ఆమె రామలింగం ఎదురుగా, నేల మీద, దూదిలో చతికిలబడింది.

"ఇంగ సెప్పు," అంది.